నీలం ఏ గోడకి, పసుపు ఏ గోడకి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, ఎత్తు 10 అడుగులు. తూర్పున వీధి గుమ్మం, ఉత్తరాన ఒకటే కిటికీ, దాని ముందు కొబ్బరి తోట. దక్షిణపు గోడలో పడగ్గది తలుపు ఉంది. పడమటి గోడకి తలుపూ కిటికీ ఏమీ లేవు, అవతల బోదె (చిన్న పంటకాలువ), దాని పక్కన చేలు. పాత పిస్తా రంగు డిస్టెంపరు తీసేసి కొత్తగా రంగులు వేయిద్దామనుకుంటున్నాం. నాకు నెమలికంఠం నీలం ఇష్టం, మావారు ఆవపిండి పసుపే కావాలంటున్నారు. షేడ్ కార్డులో రెండూ బాగానే ఉన్నాయి. గుమ్మంలోంచి రాగానే ఎదురుగా కనిపించే పడమటి గోడ నీలంగా ఉండాలని నా కోరిక. ఆ గోడకే అడుగున రెండడుగుల మేర ఉప్పు పొంగి పెచ్చులూడుతోంది. మేస్త్రేమో "చుట్టూ కింద నాలుగడుగులు నీలం ఆయిల్ పెయింటు, పైన పసుపు వేసేద్దామండి, చెమ్మా కనపడదు, ఇద్దరి మాటా చెల్లుతుంది" అంటున్నాడు. ముదురు రంగులేస్తే గది వేడెక్కిపోతుందని మా అత్తయ్యగారి భయం. సంక్రాంతికి పిల్లలొస్తారు, అప్పటికి నెలన్నర ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, రెండు రంగులూ ఆ హాల్లో ఇముడుతాయి. కాకపోతే ఇద్దరూ కొంచెం తగ్గాలి. పసుపు మూడు గోడలకి వెయ్యండి, అయితే మీవారు చూపించిన ముదురు ఆవపిండి రంగు కాదు. దానికన్నా రెండు మెట్లు లేతగా, కాస్త ఎరుపు వైపు మొగ్గే పసుపు. నీలం ఒక్క గోడకి వెయ్యండి, అయితే మీరడిగిన పడమటి గోడకి కాదు, కిటికీకి ఎదురుగా ఉన్న దక్షిణపు గోడకి. మేస్త్రి చెప్పిన ఆయిల్ పెయింటు పట్టీ మాత్రం అసలు వద్దు. ఎందుకో చెబుతాను.

షేడ్ కార్డు మీద రంగు చూసేది దుకాణం ట్యూబులైటు కింద, రెండంగుళాల ముక్కలో. మీ హాలు వెలుతురు వేరు. మీకున్న ఒకే కిటికీ ఉత్తరానిది. మన ప్రాంతం సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రమే మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరంగా జరుగుతాడు. మిగతా ఏడాదంతా ఎక్కువభాగం ఆ కిటికీలోంచి వచ్చేది ఎండ కాదు, ఆకాశపు వెలుగు. అది నిలకడగా ఉంటుంది, కాస్త నీలి ఛాయలో చల్లగా ఉంటుంది. దానికి తోడు మీ కిటికీ ముందు కొబ్బరి తోట. ఆకుల మీద పడి లోపలికొచ్చే వెలుతురు ఆకుపచ్చని మోసుకొస్తుంది. వీధి గుమ్మంలోంచి పొద్దున తొమ్మిదింటి దాకా ఎండ వచ్చినా, ఆ తర్వాత గదిని ఏలేది ఉత్తరపు వెలుగే.

ఈ వెలుతుర్లో ఆవపిండి పసుపుకి తిప్పలు తప్పవు. అందులో ముందే కాస్త ఆకుపచ్చ, నలుపు ఛాయలుంటాయి. తోట వెలుగు తోడైతే పగలంతా పాచి పట్టినట్టు కనిపిస్తుంది. మబ్బు పట్టిన శ్రావణంలో అయితే మరీను. నెమలికంఠం నీలానికి ఆ చిక్కు లేదు. చల్లటి వెలుతురు దానికి కలిసొస్తుంది, ఆకుపచ్చ తోడైనా నెమలికంఠం నెమలికంఠంలాగే ఉంటుంది. దాని ఇబ్బంది వేరు, అది వెలుతురుని మింగేస్తుంది. రంగు ఎంత వెలుతురు తిప్పికొడుతుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్.ఆర్.వి. అంటారు. నలుపుకి సున్నా, తెలుపుకి 100. చాలా కంపెనీల షేడ్ వివరాల్లో ఇది దొరుకుతుంది, డీలరుని అడిగితే చూపిస్తాడు. నెమలికంఠం లాంటి ముదురు నీలాలు 10 అటూ ఇటూ ఉంటాయి, ఆవపిండి రంగులు 40 ప్రాంతంలో, లేత గంధం రంగులు 65 పైన. ఒకే కిటికీ ఉన్న హాల్లో నాలుగు గోడలూ 10 అంకె రంగు వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాలి. కాబట్టి నీలం ఒక్క గోడే.

ఆ ఒక్కటి ఏ గోడంటే, వెలుతురు సూటిగా పడే గోడ. కిటికీ ఉన్న ఉత్తరపు గోడకి ముదురు రంగు వేస్తే, కళ్ళకి వెలుగు కొడుతూ ఆ చుట్టూ ఉన్న నీలం నల్లగా కనపడుతుంది. దక్షిణపు గోడ కిటికీకి ఎదురు. అక్కడ నీలం తన అసలు రంగులో ఉంటుంది, పైగా అది లోపలి గోడ, అవతల పడగ్గదే కాబట్టి బయటి చెమ్మ దరిచేరదు. ఇందులో నష్టం ఒకటుంది, దాచను. ఆ గోడ మీంచి తిరిగి గదిలోకి రావాల్సిన వెలుతురు తగ్గుతుంది. అందుకే మిగతా మూడు గోడల పసుపు 55కి తగ్గని అంకెలో ఉండాలి. స్లాబు అడుగు తెలుపే ఉంచండి, కానీ నీలి మెరుపున్న తెలుపు కాకుండా మీగడ తెలుపు. పచ్చి తెలుపు పసుపు పక్కన చేరితే ఆస్పత్రి గోడలా నీలంగా తేలుతుంది.

ఇక బల్బులు. చాలా ఇళ్ళలో రంగుల గొడవకి అసలు కారణం ఇదే అయినా ఎవరూ దీని గురించి అడగరు. మన ఊళ్ళలో మామూలుగా దొరికే తెల్ల ఎల్.ఇ.డి. ట్యూబు 6500 కెల్విన్ (వెలుగు ఛాయని చెప్పే అంకె), కూల్ డేలైట్ అని రాసుంటుంది. దాని కింద మీ నీలం నిగనిగలాడుతుంది, మీవారి పసుపు వెలవెలబోయి ఆకుపచ్చకి తిరుగుతుంది. 3000 కెల్విన్ పసుపు బల్బు వేస్తే తారుమారవుతుంది, పసుపు వెచ్చగా వెలుగుతుంది, నీలం బురదలో ముంచినట్టు మసకబారుతుంది. దుకాణంలో తెల్ల ట్యూబు కింద చూసిన మీకు నీలం నచ్చిందంటే, ఆయన ఎండలో కార్డు పట్టుకుని పసుపు మెచ్చుకున్నారంటే, ఇద్దరి కళ్ళూ నిజమే చెప్పాయి. రెండు రంగులకీ సరిపడేది 4000 కెల్విన్, న్యూట్రల్ వైట్ అని అమ్ముతారు. పల్లెల్లో తొందరగా దొరకదు, రాజోలులోనో అమలాపురంలోనో పెద్ద ఎలక్ట్రికల్ షాపులో అడగండి. డబ్బా మీద సి.ఆర్.ఐ. అనే అంకె కూడా చూడండి. 80 మామూలు, 90 అయితే రంగులు ఇంకా నమ్మకంగా కనపడతాయి. 20 వాట్ల ట్యూబు ఒకటి మీ హాలుకి ఇప్పటిదాకా సరిపోయి ఉండొచ్చు, నీలం గోడ వచ్చాక రెండోది కావాలి. ఆ రెండోది నీలం గోడ మీదే బిగించకండి, దాని ఎదురుగా ఉత్తరపు గోడ మీద కిటికీ పైన పెట్టండి.

బల్బు మార్చాకే రంగు పరీక్ష చెయ్యండి. ముందు చేస్తే ఆ శ్రమంతా వృథా.

పరీక్షకి రెండడుగుల చదరం ముక్కలు కావాలి. పలచటి ప్లైవుడ్డు గానీ మందపాటి అట్ట గానీ ఏదైనా సరే. ఒక్కో ముక్కకి తెల్ల ప్రైమరు ఒక కోటు, ఆరాక రంగు రెండు కోట్లు. చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదలండి. ఇప్పుడున్న పిస్తా గోడ మీదే నేరుగా చిన్న పాచ్ వేసి చూడటం మేస్త్రుల అలవాటు, దాన్ని ఒప్పుకోకండి. పిస్తా పక్కన ఏ పసుపైనా నారింజకి జరిగినట్టు కనిపిస్తుంది, నీలం కూడా తన రంగులో కనపడదు. పక్క రంగు చూపించే ఈ మాయని 19వ శతాబ్దంలోనే మిషెల్ షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త తేల్చాడు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో రంగుల అద్దకం ఆయన చేతికింద నడిచేది. నల్ల ఉన్ని దారానికి రంగు సరిగా పట్టడం లేదని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో కాదు, నల్ల దారం పక్కన నేసిన రంగుల వల్ల అలా కనపడుతోందని చూపించాడు. మన పెద్దవాళ్ళు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి గోడలు తెల్లగా తేల్చిందీ మరో రకం కంటి కిటుకుతోనే.

నీలం, పసుపు రంగుల చక్రంలో దాదాపు ఎదురెదురు. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. నీలం ముక్కని అరనిమిషం తదేకంగా చూసి వెంటనే తెల్ల గోడ చూడండి, కంటికి పసుపు మరక కనపడుతుంది. ఆ కంటితో పసుపు ముక్కని చూస్తే అది ఉన్నదానికన్నా ఘాటుగా తోస్తుంది. అందుకని ముక్కలు ముందు విడివిడిగా, మధ్యలో రెండు నిమిషాలు కళ్ళకి విశ్రాంతినిచ్చి, చూడండి. తర్వాత నీలం ముక్కని దక్షిణపు గోడ మీద, పసుపుని దాని పక్క మూలలో పెట్టి కలిపి చూడండి. ముక్కలు గోడకి నిలువుగా ఆనించాలి, బల్ల మీద పడుకోబెట్టి చూస్తే వెలుతురు పడే కోణం వేరు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం నాలుగున్నరకి, రాత్రి కొత్త లైటు కింద, ఇలా నాలుగు వేళలు. రంగు వేసిన రోజు తీర్పు చెప్పొద్దు. ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే గోడ రంగు) తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్టు లేతగా ఉండి, ఆరాక ఒక పిసరు ముదురుతుంది. మర్నాటి రంగే అసలు రంగు. మీ టేకు తలుపు, గచ్చు టైల్సు, సోఫా గుడ్డ పక్కన కూడా ముక్కని పట్టి చూడటం మర్చిపోకండి, అవేవీ రంగుతోపాటు మారవు.

పసుపులో మూడు షేడ్లు తెప్పించి చూడండి: మీవారిది, దాన్నే రెండు మెట్లు లేత చేసింది, ఇంకొకటి ముగ్గిన చక్రకేళి తొక్క వైపు మొగ్గేది. పసుపు ఒక ముక్కలో మెత్తగా ఉన్నా, మూడు గోడల మీద ఒకదాని వెలుగు ఇంకొకదాని మీద పడి రెట్టింపు ఘాటవుతుంది. అందుకే కార్డులో "కొంచెం తక్కువైందేమో" అనిపించే షేడే గోడకి సరిపోతుంది. నీలంలో ఒక్క షేడు చాలు, మీరు ఎంచుకున్నదే. కొన్ని కంపెనీలకి 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బాలున్నాయి. లేవంటే నీలం మాత్రం లీటరు డబ్బా తీసుకున్నా నష్టం లేదు, మిగిలింది గోడకే వాడతారు.

ఇప్పుడు పడమటి గోడ సంగతి. గోడ అడుగున తెల్లగా పొంగేది ఉప్పే అని నిర్ధారించుకోండి. వేలితో తీసి నీటి చుక్కలో వేస్తే కరిగిపోతుంది. నల్లటి, పచ్చటి చుక్కలైతే అది బూజు, దాని వైద్యం వేరు. మీ లంకల్లోనూ కాలువ గట్టు ఊళ్ళలోనూ భూమిలో నీటిమట్టం చాలా పైనే ఉంటుంది. ఇటుక ఆ నీటిని పైకి పీల్చుకుంటుంది. నీటితోపాటు కరిగిన ఉప్పు కూడా పైకొస్తుంది. గది గాలికి నీరు ఆవిరై పోతుంది, ఉప్పు గోడ పైపొరలో గడ్డకట్టి ఉబ్బి లప్పాన్నీ రంగునీ నెట్టేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో రొయ్యల చెరువులుంటే ఇంకా ఎక్కువ. గోడలో చెమ్మ ఉందో లేదో తేల్చడానికి ఒక అడుగు చదరం పాలిథీన్ షీటుని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి 24 గంటలుంచండి. షీటు లోపలివైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు చేరితే నీరు గోడలోంచే వస్తోంది. గది వైపు చేరితే అది గాలి తేమ. ఒకటి గచ్చుకి అడుగు ఎత్తులో, ఒకటి నాలుగడుగుల్లో, ఒకటి పోలిక కోసం దక్షిణపు గోడ మీద పెట్టండి.

ఈ గోడకి నీలం ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఉప్పు తెల్లగా ఉంటుంది. పసుపు మీద అది దగ్గరికెళ్తే గానీ కనపడదు, ముదురు నీలం మీద గుమ్మంలోంచే కనపడుతుంది. పైగా ముదురు రంగుకి టచప్ కుదరదు. పాచ్ వేసిన చోటు పాచ్ వేసినట్టే కనిపించి, ప్రతిసారీ గోడంతా వేసుకోవాల్సొస్తుంది.

మేస్త్రి చెప్పిన ఆయిల్ పెయింటు ఇంకా చెరుపు చేస్తుంది. ఎనామిల్ పొర గాలిని వదలదు. లోపలి నీటికి బయటికి దారి లేక పెయింటు పొక్కులు కట్టి రేకుల్లా ఊడుతుంది, లేకపోతే ఆ నీరు పట్టీ దాటి ఐదడుగుల దాకా ఎక్కి అక్కడ పసుపుని పాడుచేస్తుంది. అడుగున టైల్సు అతికించినా ఇదే జరుగుతుంది. చెమ్మ కనపడకపోవడం ఒక ఏడాది ముచ్చట. అందానికి కూడా అది సరిపడదు. పదడుగుల ఎత్తు గదిని నాలుగడుగుల దగ్గర అడ్డంగా కోస్తే స్లాబు కిందికి దిగినట్టుంటుంది. రెండు ఘాటు రంగులూ చుట్టూ ఒకే గీత మీద ఢీకొంటాయి, సోఫాలో కూర్చున్నవాళ్ళ తలల వెనక ఆ గీతే కనపడుతుంది.

పడమటి గోడకి వైద్యం బయట మొదలవ్వాలి. అటువైపు మట్టి ఇంటి పునాది పట్టీ మీదికి పేరుకుపోయిందేమో చూడండి. పునాది మీద చెమ్మ ఆపడానికి వేసే డి.పి.సి. పొరకి కనీసం ఆరంగుళాలు కిందే మట్టి ఉండాలి. ఎక్కువుంటే తవ్వి తీయించి, గోడ వెంబడి మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు చప్టా పోయించండి. గోడ పక్క కుళాయి, పూల మొక్కలు ఉంటే జరపండి. బయటి ప్లాస్టరు బీటలు మూయించండి. తర్వాత లోపల, చెమ్మ గీతకి పైన మరో అడుగున్నర దాకా ప్లాస్టరు కొట్టించి ఇటుకలు బయటపెట్టి ఆరనివ్వాలి. ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఆరాక సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్ళు కలిపి కొత్త ప్లాస్టరు చేయించండి. గోదావరి ఇసుకే వాడాలి, సముద్రపు ఇసుక తగలకూడదు. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం సాధారణంగా 50 కిలోల సిమెంటు బస్తాకి 200 మిల్లీలీటర్లు కలుపుతారు, మీరు కొన్న డబ్బా మీద ఎంత రాసుంటే అంత. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మాలు కలపడానికీ తడపడానికీ ఇంటి బోరు నీళ్ళు వాడతారు. మీ ప్రాంతంలో చాలా బోర్లు ఉప్పునీళ్ళే. కొత్త ప్లాస్టరులో మీ చేతులతోనే ఉప్పు పోసినట్టవుతుంది. మంచినీళ్ళు తెప్పించండి. ప్లాస్టరు వారం తడిపి, 28 రోజులు ఆరాకే లప్పం, ప్రైమరు.

ఈ పనికి సరైన కాలం దాళ్వా (రెండో పంట వరి) కోతలై కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే రోజులు. బోదె ఎండుతుంది, చేలల్లో నీరుండదు, గోడ ఏడాదిలో అప్పుడే బాగా ఆరుతుంది. ఇప్పుడు దాళ్వాకి నీరు పెట్టబోతున్నారు కాబట్టి సంక్రాంతికి ఆ గోడ ప్లాస్టరు జోలికి పోకపోవడమే మేలు.

మిగతా మూడు గోడల పని ఇప్పుడు చేయించుకోవచ్చు. పిస్తా డిస్టెంపరు మీద అరచేతితో రుద్దండి, చేతికి పొడి అంటితే మొత్తం తడిపి గీకించాల్సిందే. సుద్దలాంటి డిస్టెంపరు మీద ఎమల్షన్ వేస్తే ఆ పొరతో సహా అట్టలా లేచొస్తుంది. గీకాక కడిగి మూడు రోజులు ఆరనిచ్చి, తెల్ల సిమెంటు లప్పం రెండు కోట్లు వేయించండి. ఒక్కో కోటు పలచగా ఉండాలి, మందంగా మెత్తితే బీటలిస్తుంది. గట్టిపడిన లప్పంలో మళ్ళీ నీళ్ళు పోసి వాడనివ్వకండి. 180 నంబరు ఎమిరీ పేపరుతో రుద్ది, ఆపైన 220తో నున్న చేయించండి. రాత్రిపూట ఒక టార్చి గోడకి ఆనించి వెలుగు గోడ వెంబడి పాకేలా పట్టి చూడండి. ఎత్తుపల్లాలన్నీ నీడలు పడతాయి. దక్షిణపు గోడ మీద ఒక్క అల కూడా మిగలకూడదు, ముదురు రంగు దేన్నీ క్షమించదు. అదే కారణంగా నీలం మ్యాట్ రకంలో తీసుకోండి, మెరుపు రకంలో ప్రతి అలా వెలుగుతుంది. మ్యాట్ మీద చేతి మరకలు నిలుస్తాయి కాబట్టి పడగ్గది తలుపు పక్క స్విచ్‌బోర్డు చుట్టూ పారదర్శక ప్లాస్టిక్ ప్లేటు బిగించుకుంటే సరి. పసుపు గోడలకి కడగడానికి వీలయ్యే రకం ఉండాలి, పిల్లలొస్తారు కదా.

లెక్కకి వస్తే, తలుపులు కిటికీ తీసేస్తే ఉత్తరపు గోడ 124, తూర్పు గోడ 82, పడమర 110, దక్షిణం 119 చదరపు అడుగులు వస్తాయి (గుమ్మం 4 x 7, కిటికీ 4 x 4, లోపలి తలుపు 3 x 7 అనుకున్నాను, మీవి తేడా ఉంటే సరిచేసుకోండి). నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ రెండు కోట్లకి సుమారు 120 నుంచి 130 అడుగులు వస్తుంది. పసుపు గోడలు మూడూ కలిపి 316 అడుగులు, రెండున్నర లీటర్లు పడుతుంది. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి కొంటే వేసవిలో పడమటి గోడకీ టచప్‌లకీ మిగులుతుంది. నీలం ముదురు షేడు కాబట్టి డీప్ బేస్‌లో కలుపుతారు. అందులో తెల్లటి పిగ్మెంటు చాలా తక్కువ, అడుగు కప్పే శక్తి తక్కువ. మూడు కోట్లు తప్పవు. లీటరు డబ్బాలు రెండు తీసుకుని, రెండూ ఒకే బక్కెట్లో కలిపేసి వాడండి, డబ్బాకీ డబ్బాకీ మిషన్ మిక్సింగులో వచ్చే చిన్న తేడా గోడ మధ్యలో బయటపడదు. ప్రైమరు నాలుగు లీటర్లు, లప్పం మూడు గోడలకి 20 కిలోల బస్తా ఒకటి, ఐదు కిలోల ప్యాకెట్టు ఒకటి చాలు. నీలం గోడకి వేసే ప్రైమరుని లేత నీలంగా టింట్ చేయించగలిగితే కప్పడం తేలికవుతుంది. స్టెయినర్లు కొని చేత్తో రంగు కలిపే పద్ధతికి ఒప్పుకోకండి, రెండోసారి అదే రంగు ఎవరూ కలపలేరు.

నీళ్ళు డబ్బా మీద రాసిన పాళ్ళు దాటకూడదు. డబ్బా సాగదీయడానికి నీళ్ళు ఎక్కువ పోస్తే నీలం మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. కోటుకీ కోటుకీ నాలుగు గంటలు, మంచు పడే మార్గశిర, పుష్య మాసాల్లో పొద్దున పది దాటాక మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికి ఆపేయండి. నీలం వేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. గాలికి అంచు తొందరగా ఆరిపోయి రోలరు జాడలు గీతలుగా నిలుస్తాయి. ఒకరు మూలలు బ్రష్షుతో కత్తిరిస్తుంటే ఇంకొకరు వెనకే పైనుంచి కిందికి రెండడుగుల వెడల్పున రోలరు తిప్పుకుంటూ రావాలి. గోడ మధ్యలో టీకి ఆగకూడదు, ఆ మూల నుంచి ఈ మూల దాకా అయ్యాకే.

రెండు రంగులు కలిసే మూలల్లో ముందు పసుపు వేసి, దాన్ని నీలం గోడ మీదికి అంగుళం మేర తిప్పి వదలండి. ఒక పూర్తి రోజు ఆరాక మూల గీతకి మాస్కింగ్ టేపు వేసి, టేపు అంచు మీద మళ్ళీ ఆ పసుపే పలచగా ఒక్కసారి రాయండి. టేపు కింద సందులు పసుపుతోనే మూసుకుపోతాయి, నీలం పాకదు. చివరి నీలం కోటు ఇంకా తడిగా ఉండగానే టేపుని వెనక్కి మడిచి ఏటవాలుగా లాగేయాలి. ఆరాక లాగితే పొరతోపాటు వస్తుంది.

అత్తయ్యగారి భయానికి సమాధానం చిన్నది. లోపలి రంగు వల్ల గది వేడెక్కడం అంటూ చెప్పుకోదగ్గది ఏమీ లేదు, వేడి వచ్చేది స్లాబు నుంచీ మధ్యాహ్నపు ఎండ తగిలే పడమటి గోడ బయటివైపు నుంచీ. ఆ రెంటికీ బయట తెలుపు వేయిస్తే ఆవిడకీ మీకూ తేడా తెలుస్తుంది. నీలం గోడ దగ్గర ఆవిడ దీపం పెట్టే పటాలు మాత్రం ఉంచకండి. మసి ముదురు రంగు మీద కనపడదనుకుంటారు గానీ మ్యాట్ మీద జిడ్డు మెరుపుగా నిలిచిపోతుంది, తుడిస్తే ఇంకా పెద్దదవుతుంది.

నెలన్నర ఉందన్నారు. మొదటి వారం బల్బు మార్చి ముక్కలు చూసుకోండి. రెండో వారం గీకడం, కడగడం, ఆరబెట్టడం. మూడు, నాలుగు వారాలు లప్పం, ఎమిరీ, ప్రైమరు. ఐదో వారం రంగులు. చివరి వారం వాసన పోవడానికి కిటికీ తలుపులు తెరిచి వదిలేయండి. పడమటి గోడకి ప్రస్తుతానికి ఊడే పెచ్చులు గీకి, ఉప్పు పొడిగా దులిపి, అడుగు మూడడుగులు సున్నం కొట్టించండి. సున్నం గాలిని ఆడనిస్తుంది, చవక, వేసవిలో ప్లాస్టరుతో ఎలాగూ పోతుంది. దాని పైభాగానికి డిస్టెంపరు గీకి ప్రైమరు, పసుపు ఒక్క కోటు చాలు. సోఫాని గోడకి నాలుగంగుళాలు ఎడంగా జరిపి వేస్తే సున్నం పట్టీ చాలామటుకు కనపడదు, గోడా ఊపిరి పీల్చుకుంటుంది.

మిగిలిన పసుపు డబ్బా మూత సుత్తితో బిగించి, మీద షేడు కోడు, బేసు పేరు, కలిపిన తేదీ రాసి నీడలో పెట్టండి. ఏప్రిల్లో ప్లాస్టరు చేయిస్తే, అది 28 రోజులు ఆరాక, మే నెలలో తెరిచి బాగా కలిపి పాత వాయిలు గుడ్డలో వడకట్టి వాడుకోవచ్చు. కుళ్ళిన కంపు కొడితే మాత్రం పారబోసి, ఆ కోడు చూపించి కొత్తగా లీటరు కలిపించుకుని, పడమటి గోడ మొత్తం మూల నుంచి మూలకి ఆ కొత్త రంగుతోనే రెండు కోట్లు వేయించండి.